గుమ్మడికాయ మింగిన మిషన్

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా అన్నం మానేసేవాళ్ళు. ఆ వారం మా తాతయ్య, మా చిన్నాయన ఇద్దరూ మానేశారు. పుదుచ్చేరి బజారులో మాది కలప అంగడి. తలుపులూ కిటికీలూ మేమే చేసి అమ్ముదామని ఊరి చివర తట్టాంచావడిలో షెడ్డు వేశారు. చెక్కను చిత్రిక పట్టే మిషన్ ఏది కొనాలన్నదే గొడవ.

ఒక వ్యాపారి దగ్గర పాతవి రెండున్నాయి. రెండింట్లోనూ బల్ల మధ్య సందులో బ్లేళ్ళు బిగించిన ఇనుప దిమ్మ తిరుగుతుంది. చెక్కను చేత్తో అదిమి దాని మీదుగా తోయాలి. ఒకదానిది నలుపలకల దిమ్మ, రెండోదానిది గుండ్రటిది. నలుపలకలది ఒక్క తోపుకే లోతుగా కోస్తుందని చిన్నాయన పట్టు. తాతయ్య కోరిన గుండ్రటిది ముసలాళ్ళ మిషనని ఎగతాళి. రేపు దాని మీద చెయ్యి పెట్టేది ఆయనే. అమ్మకు ఒంట్లో బాగోనప్పుడు నాకు జడలల్లే చేతులవి.

మా వైపు కొత్తగా కొన్న మిషన్ నెత్తురు అడక్కుండా కుంకం పోసిన బూడిదగుమ్మడికాయ పగలగొడతారు. ఆ రోజు తాతయ్య డబ్బివ్వకముందే వ్యాపారి దగ్గరికి కాయ తెచ్చాడు. ఆచారమన్నాక వ్యాపారి కాదనలేకపోయాడు. కానీ తాతయ్య దాన్ని నేలకు కొట్టలేదు. రెండు ముక్కలు చేసి, కుంకం నీళ్ళు పూసి, మమ్మల్ని దూరంగా నిలబెట్టాడు.

మొదటి ముక్కను పొడవాటి కర్రతో గుండ్రటి దిమ్మ మీదికి నెట్టాడు. అది జర్రుమని కాయ అడుగు గీరేసి దాన్ని వెనక్కి తన్నింది. తర్వాత నలుపలకల మిషన్ వేశారు. ఆ హోరుకి నా పళ్ళు అదిరాయి. చిన్నాయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. రెండో ముక్క తగిలిందో లేదో, ఒక్క లాగు లాగి మొత్తం సందులోకి మింగేసింది. కర్ర కొస కూడా పోయింది. ఎర్రటి నీళ్ళు నా గౌను మీద పడ్డాయి. కెవ్వుమని అరిచి, నేను పట్టుకున్న చెయ్యి ఉందా లేదా అని చూసుకున్నాను.

మిషన్ ఆగాక తాతయ్య అన్నాడు. "పలకకీ బల్లకీ మధ్య ఖాళీ ఉండాదిరా, చెయ్యి దాంట్లోకి పోతాది. జారని చెయ్యి యాడా లేదు. జారితే ఎంత తీసుకుంటాదో చూసి కొనల్ల." చిన్నాయనే గుండ్రటిదానికి బేరమాడాడు. ఆ పూట ఇద్దరూ ఇంటికొచ్చి అన్నం తిన్నారు.

కొన్నేళ్ళకు చిన్నాయన చెయ్యి జారనే జారింది. గుండ్రటి దిమ్మ రెండు వేళ్ళ కొసలు గీరి వదిలేసింది. నా పెళ్ళినాడు పూలజడ కుట్టింది ఆయనే.

ఇప్పటికీ కుక్కరు కొన్నా, మనవరాలికి స్కూటీ కొన్నా, అంగడివాడు దాని గొప్పలు చెబుతుంటే నేను ఒక్కటే అడుగుతాను, పొరపాటున చెయ్యి జారితే ఇది ఎంత తీసుకుంటుందని. వాడు తెల్లబోతాడు, మనవరాలు సిగ్గుపడుతుంది. నాకు మాత్రం చిన్నాయన వేళ్ళు నా జడలో కదిలినట్టే ఉంటుంది.