పొద్దు మునిగాక పుల్లకూర

గుడియాత్తంలో మార్గళి అనే చలినెల వచ్చిందంటే సంతలో ఆకుకూరలదే రాజ్యం. తోటకూర, పొన్నగంటి, ఎవరూ విత్తకుండానే గట్ల మీద మొలిచే చెంచలాకు. అన్నిటినీ కలిపి పుల్లకూర చేయడం మా ఇంట్లో నా పని. తెల్లవారుజామున ఐదింటికి, చలికి చేతులు కొంకర్లు పోతుంటే, ఇసుక పోయేదాకా మూడు నీళ్లలో ఆకు కడిగేదాన్ని. పచ్చిమిర్చి, టమోటా, చింతపండు వేసి ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, మిరియాలూ ధనియాలూ వేయించి దంచిన పొడి కలిపేదాన్ని. చివర్లో పొట్టుతోనే చితక్కొట్టిన వెల్లుల్లి, ఎండుమిర్చి, ఇంగువ తాలింపు. ఆ ఘాటుకు పక్కింటివాళ్లు తుమ్మేవాళ్లు. ఇంట్లో అందరూ లొట్టలేసుకుని తినేవాళ్లు, నేను తప్ప.

నాకు కుదిరేది కాదు. ఏడింటికల్లా వేలూరు బస్సెక్కాలి, ఇంట్లో కూర్చుని తినే తీరిక ఉండేది కాదు. అక్కడ ఒక బట్టల కొట్టులో రోజంతా నిలబడి చీరలు విప్పి చూపించే ఉద్యోగం. ఒకసారి డబ్బాలో పుల్లకూర అన్నం పట్టుకెళితే, వెల్లుల్లి తిని గిరాకీ ముందు నిలబడవద్దని సూపర్‌వైజరు ముఖం మీదే అనేశాడు. ఆ రోజు నుంచి నా డబ్బాలో పెరుగన్నమే. ఇంటికొచ్చేసరికి చీకటి పడేది. పొద్దు మునిగాక ఆకుకూర ముట్టకూడదని మా అత్త పట్టుదల. సెలవు రోజున తప్ప నేను వండింది నా నోటికి అందేది కాదు.

ఆ చలికాలంలో బస్సులో రెండుసార్లు కళ్లు తిరిగి పడబోయాను. డాక్టరమ్మ కనురెప్ప లాగి చూసి, ఒంట్లో రక్తం లేదు, రోజూ ఆకుకూర తినమంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. రోజూ వండేది నేనే కదా.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి వెళ్లాను. సట్టిలో మిగిలిన పుల్లకూర అన్నంలో కలుపుకుని నిలబడే తినడం మొదలుపెట్టాను.

అత్త గుమ్మం దగ్గరికి వచ్చింది. "ఈ పొద్దులో కూరాకు తింటారామ్మా?"

"డాక్టరమ్మ తినమనింది అత్తా. రక్తం లేదంట. పగలు నేను యాడుండాను, తినేదానికి?" గట్టిగానే అడిగాను. బస్సులో గంటసేపు కూడబెట్టుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి.

ఆమె గొడవ పడలేదు. గుమ్మానికి ఆనుకుని మెల్లగా కింద కూర్చుంది.

"నేనూ పొద్దు మునిగినాకనే వచ్చేది. కట్టడాల్లో సిమెంటు మోసి మోసి. మా అత్త ఈ మాటే చెప్పింది. వండి పెట్టేదే గాని, తినింది లేదు. నాకూ కండ్లు తిరగతా ఉన్నింది. ఎండకేమో అనుకుంటి."

"మరి నాకెందుకు అదే చెప్పినావు అత్తా?"

"నాకు తెలిసింది అదే గదమ్మా. సరి, నువ్వు తిను. నేను చూడలేదులే," అని వీధివైపు తిరిగి కూర్చుంది.

తిన్నాను. కోపం చల్లారలేదు, కానీ అది ఎవరి మీద చూపించాలో తెలియలేదు. నిలబడి ఉన్నానేమో, ఆమె నడినెత్తి కనిపించింది. సిమెంటు తట్ట ఆనిన చోట గుండ్రంగా, ఒక్క వెంట్రుక కూడా లేదు. ఏడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ నేను దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.