మా ఇంట్లో పత్తి, అమెరికాలో వడ్డీ

నేను ఆదోనిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. ఉండేది ఎమ్మిగనూరులో, బాడుగ ఇంట్లో. మా ఇంటాయనకు పెద్దకడుబూరు పక్కన ఎనిమిదెకరాల చేను ఉంది. ఒకే ఇంటికి నడుమ గోడ పెట్టి రెండు భాగాలు చేసినారు. వాళ్ళు అటు, మేము ఇటు. ముందు వాకిలి ఒకటే, కొళాయి ఒకటే, పొద్దున వచ్చే పేపరు కూడా ఒకటే. దానికి డబ్బులు కట్టేది నేను, ముందు చదివేది ఆయన.

ఆ ఏడు పత్తి తీతలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఆయన పేపరు పట్టుకొని నా దగ్గరికి వచ్చినాడు. అమెరికా పెద్దబ్యాంకు వడ్డీ తగ్గించేటట్టుందని అందులో రాసినారు. ఆడ వడ్డీ తగ్గితే ఈడ మన పత్తికి ఏమవుతుందని అడిగినాడు.

ఇన్నేళ్ళుగా పాఠం చెప్తున్నా ఆ ప్రశ్న నన్ను ఏ పిల్లవాడూ అడగలేదు. పరీక్షలో రాదు గనక. నాకు సంతోషమైంది. నోట్లో బ్రష్షు తీసి అరగంట చెప్పినాను. అక్కడ వడ్డీ తగ్గితే డాలరు మెత్తబడుతుంది. డాలరు మెత్తబడితే బయటి దేశాల మిల్లులకు పత్తి చవగ్గా కనబడుతుంది. వాళ్ళు ఎక్కువ కొంటే రేటు లేస్తుంది. అయితే మన రూపాయి గట్టిపడితే ఆ లాభం కొంత పోతుంది. పైగా సుంకాలు ఉన్నాయి, చైనా ఉంది, పెట్రోలు ఉంది. మిగతావన్నీ మారకుండా ఉంటేనే ఇదంతా, అని కూడా చెప్పినాను. మా పాఠాల్లో ఆ మాట ప్రతి పేజీలోనూ ఉంటుంది. మారకుండా ఉండేది లోకంలో ఏదీ లేదని మాకు తెలుసు, అయినా అంటాము.

ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు. "అంటే ఆగితే మంచిదంటావు" అన్నాడు.

నేను అట్లా అనలేదు. అనలేదని కూడా అనలేదు.

నాలుగు రోజులకు మొదటి ట్రాక్టరు వచ్చింది. పల్లెలో ఇల్లు కారుతుందని పత్తిని ఇక్కడికే తోలించి, వాళ్ళ ముందు గదిలో పోయించినాడు. రెండో తీతకు వాళ్ళ నడిమిల్లు నిండింది. దేవుడి పటాలు గొంతు దాకా మునిగినాయి. మూడో తీత అప్పుడు ఆయన మా గడప దగ్గర నిలబడి మా ముందు గది అడిగినాడు. ఆ అమెరికా బ్యాంకును ఆయన 'ఆయమ్మ' అనేవాడు, సుంకులమ్మనో మారెమ్మనో అన్నట్టు. ఆయమ్మ వడ్డీ తగ్గించేదాకా ఒక్క వారం, అంతే అన్నాడు. కాదనడానికి నాకు నోరు రాలేదు. జోస్యం నాది కదా.

మా ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. సాయంత్రం ఆ గదిలోనే ఎనిమిది మంది ఆడపిల్లలకు ట్యూషన్ చెప్పేది. పత్తి కిటికీ చువ్వల దాకా వచ్చింది. మూడో రోజు, గ్యాసు సిలిండరు ఎక్కడ పెట్టుకోవాల్నో మీ ఎకనామిక్సులో ఏమన్నా ఉందా అని అడిగింది. లేదన్నాను. ఆ సాయంత్రం నుంచి ట్యూషన్ పత్తి మీదనే జరిగింది. పిల్లలు స్టూలు ఎక్కి పైకి పోయేవాళ్ళు. ఫ్యాను వేస్తే దూది లేస్తుందని ఆపేసి, ఫ్యాను రెక్కకే గడియారం తగిలించింది. ఆ పిల్లలు బోర్లా పడుకొని లెక్కలు చేసేవాళ్ళు. నెల తిరిగేలోగా ఎనిమిది మంది పద్నాలుగు మందైనారు.

ఆయమ్మ తగ్గించలేదు. 'వడ్డీ రేట్లు యథాతథం' అని పేపర్లో వచ్చింది. ఆ మాటకు అర్థమేమని ఇంటాయన అడిగినాడు. ఉన్నది ఉన్నట్టే అని చెప్పినాను. మాట ఆయనకు బాగా నచ్చింది. ఆదోని మార్కెట్ యార్డు నుంచి, పంట అమ్మిపెట్టే దలాలీ ఫోన్ చేసి పత్తి ఎప్పుడు తెస్తావంటే, "యథాతథం అప్పా" అని పెట్టేసేవాడు. స్నానానికి నీళ్ళు తోడమంటావా అని భార్య అడిగినా యథాతథమే. ఒకరోజు ఆ దలాలీ బస్టాండులో నన్ను పట్టుకొని, మీ ఇంటాయన చెప్పేది కొత్త రకం విత్తనమా, మా దగ్గరికి ఇంకా రాలేదే అని గుట్టుగా అడిగినాడు.

ఇంటామె తక్కువ మాట్లాడే మనిషి. తెల్లారక ముందే లేచి పల్లెకు పోయి కూలీలతో సమానంగా పత్తి తీసి వచ్చేది. రెండు నెలలుగా పొయ్యి పక్కన మోకాళ్ళు ముడుచుకొని పండుకుంటా ఉండింది. ఒక ఆదివారం కొళాయి దగ్గర నన్ను అడిగింది.

"సార్, ఆ అమెరికా బ్యాంకోళ్ళకు మన పత్తి ఈడుందని తెలుసునా?"

"తెలియదక్కా."

"తెలిస్తే ఏమన్నా సేస్తారా?"

"చేయరు."

సరే అని బిందె ఎత్తుకొని పోయింది.

తర్వాతి సారి నిజంగానే వడ్డీ తగ్గించినారు. ఇంటాయన పొద్దున్నే కిలో మైసూర్‌పాకు తెచ్చి వీధి వీధంతా పంచినాడు. వడ్డీ ఎవరిది తగ్గిందో తెలియక, బ్యాంకులో బంగారం కుదువ పెట్టినవాళ్ళు కూడా సంతోషంగా తిన్నారు. అదే వారంలో, బయటి దేశాల పత్తి మీద మన ప్రభుత్వం సుంకం ఎత్తేసిందని ఇంకో వార్త వచ్చింది. యార్డులో రేటు లేవడం పోయి కిందికి దిగింది. నాకు మొహం చెల్లలేదు. రెండు రోజులు వెనక వాకిలి నుంచి తిరిగినాను. మూడో రోజు ఆయనే ఎదురొచ్చినాడు, కోపంతో కాదు, మర్యాదగా.

"నువ్వు సెప్పింది సెప్పినట్టే జరిగింది సారూ. రేటొక్కటే రాలేదు" అన్నాడు.

తిట్టి ఉంటే తట్టుకొని ఉండేవాణ్ణి. వడ్డీ తగ్గిన ఫలం బజారుకు దిగేసరికి నెలలు పడుతుందని ఏదో చెప్పినాను. అది పాఠంలో ఉన్న మాటే, అబద్ధం కాదు. ఆయన తల ఊపినాడు. పంట మాదిరే కదా, ఆగల్ల అన్నాడు. నాలుగో తీత మా పడకగదిలోకి వచ్చింది.

ఆ తర్వాత నాకు దురద మొదలైంది. పాత పత్తిలో కంటికి కనబడని పురుగు చేరుతుందంట. మోచేతులు, మెడ, వీపు ఎర్రగా పొక్కినాయి. ఇంట్లో ఈ మధ్య కొత్తగా ఏమన్నా మారిందా అని డాక్టరు అడిగినాడు. అమెరికా వడ్డీ అని మొదలుపెట్టినాను. ఆయన నా మొహం చూసి, పూతమందుతో పాటు నిద్రమాత్ర కూడా రాసినాడు.

ఆ నెలలోనే మా కాలేజీలో సదస్సు పెట్టినారు, మారుతున్న ప్రపంచంలో ద్రవ్య విధానం గురించి. పత్రం చదివేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇంటాయన తానూ వస్తానన్నాడు. ఇస్త్రీ పంచె, కొత్త టవలు వేసుకొని, నాతో పాటు బస్సెక్కి, నేరుగా మొదటి వరసలో కూర్చున్నాడు. కర్నూలు నుంచి రావలసిన ముఖ్య అతిథి ఇంకా రాలేదు. ఆ హుందాతనం చూసి ఈయనే అతిథి అనుకొని మా ప్రిన్సిపాల్ వేదిక మీదికి చేయి పట్టుకొని తీసుకుపోయి శాలువా కప్పినాడు. వినడానికి వచ్చినవాళ్ళకు ఇట్లా కప్పుతారేమో అనుకొని ఆయన కప్పించుకున్నాడు. నేను లేచి చెప్పేలోపల మైకు ఆయన చేతికిచ్చినారు.

"ఆయమ్మ మనసులో ఏముందో మనకెవరికీ తెల్దు. ఎంత సదివినోళ్ళకైనా తెల్దు. మనం సేసేది ఆగడమే. యథాతథం" అని చెప్పి కూర్చున్నాడు.

చప్పట్లు మోగినాయి. తర్వాత నేను మోచేయి గోక్కుంటా ఇరవై పేజీలు చదివినాను. చెప్పింది దాదాపు అదే. చప్పట్లు అంత రాలేదు. అసలు అతిథి మధ్యాహ్నం భోజనం వేళకు వస్తే, శాలువాలు అయిపోయినాయని పూలదండతో సరిపెట్టినారు.

పొద్దు వాలేసరికి ఎమ్మిగనూరులో బస్సు దిగినాము. వీధి మొదట్లో నుంచి మా వాకిలి దాకా దూది పింజలు పడి ఉన్నాయి. ఇంట్లోకి పోతే గదులన్నీ బోసిగా ఉన్నాయి. మాట్లాడితే గోడలు తిరిగి పలుకుతున్నాయి. మా బస్సు కదలగానే ఇంటామె దలాలీకి ఫోన్ చేసి లారీ పిలిపించిందంట. మా ఆవిడ స్కూలుకు సెలవు పెట్టి తూకం దగ్గర నిలబడిందంట. ఇద్దరూ ఎన్ని రోజుల నుంచి అనుకున్నారో ఇప్పటికీ చెప్పలేదు.

ఇంటాయన శాలువాతోనే నడిమింట్లో నిలబడినాడు. "నన్నొక మాట అడగకూడదా?" అన్నాడు మెల్లగా.

"అడిగితే ఆగమంటావు. నాకు కాళ్ళు సాపుకొని పండుకొనే జాగా కావల్ల" అంది ఆమె. రేటు ఎంతో చెప్పింది. మేము ఆశపడినంత లేదు, భయపడినంత తక్కువా కాదు. ఆయన చేతికి ఒక చీపురు ఇచ్చింది. నాకొకటి మా ఆవిడ ఇచ్చింది. చీకటి పడేదాకా ఇద్దరమూ మూలల్లో దూది ఊడ్చినాము. నాకైతే లోపల ఎంత హాయిగా ఉండిందో ఆయనకు తెలియకూడదని తల వంచుకొని ఊడ్చినాను.

రెండు రోజులు ఆయన సరిగా అన్నం తినలేదు. మూడో రోజు ఆదోనికి పోయి, దలాలీ దగ్గర డబ్బు తీసుకొని, టీ తాగి వచ్చినాడు. ఆ తర్వాత రేటు దిగింది, మళ్ళీ కొంచెం లేచింది. నేను రోజూ చూసినాను, ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ట్యూషన్లో ఆరుగురు పిల్లలు మానేసినారు.

తొలకరికి ఆయన సగం చేను కంది విత్తినాడు. పంట వస్తే ఎక్కడ పోస్తారని మా ఆవిడ ముందుగానే అడిగింది. కల్లంలోనే కాటా పెట్టించి అమ్ముతామని ఇంటామె చెప్పింది. అట్లనే అమ్మింది.