కెంచమ్మకు నేర్పడానికి వచ్చినవాళ్ళు

సండూరు నుంచి దోణిమలై వైపు పోయే దారిలో, లోడు లారీలు గేరు మార్చుకునే ఎత్తు దగ్గర, కెంచమ్మ టార్పాలు పట్టలు కుడుతుంది. అంగడి అనడానికి గోడా లేదు, కప్పూ లేదు. రోడ్డు పక్కన చదును చేసుకున్న ఎర్రమట్టి నేల, కూర్చోడానికి ఒక గోనెసంచి, జానెడు దబ్బనం, మైనం పట్టించిన నైలాను పురికొస, పట్ట అంచున తాడు దూర్చే రింగులు కొట్టే సుత్తి, అంతే. గని నుంచి దిగే ప్రతి లారీకీ పట్ట కప్పాలి. లేకపోతే దుమ్ము జనం కళ్ళల్లో పడుతుంది, వానొస్తే ఖనిజం నీళ్ళతో కలిసి చేలల్లోకి కారుతుంది. పట్ట అన్నాక చిరుగుతుంది. చిరిగితే కెంచమ్మ కావాలి.

ఆమె ఈ పనిలోకి వచ్చింది మొగుడి మీద ఏవగింపుతో. గనులు మూతపడిన ఏడాది ఆ మొగుడు, హొన్నూరప్ప, ఒక టీ అంగడి బల్ల మీద కూర్చుని "రేపు తెరుస్తారంట" అని రోజూ చెప్పేవాడు. ఆ రేపు కోసం ఏడాది పైనే కూర్చున్నాడు. కెంచమ్మ కూర్చోలేదు. లారీల ఓనర్లు మూలన పడేసిన పట్టలు అడిగి తెచ్చుకుంది. పట్టలు కుట్టే ఒక ముసలి సాయెబు దగ్గర నెల రోజులు కూర్చుని కుట్టు నేర్చుకుంది. అతుకులు వేసిన పట్టలను మోపు కట్టి, బస్సెక్కి, తుంగభద్ర కాలువ కింద వరి పండించే క్యాంపులకు పోయింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఆ రైతులకు కోతల కాలంలో వడ్లరాశుల మీద కప్పడానికి పట్టలు కావాలి. మొదటి ఏడు ఆమె మోసుకుపోయింది. రెండో ఏడు వాళ్ళే ఫోన్లు చేశారు. గనులు తెరిచాక లారీలూ వచ్చాయి, క్యాంపులూ పోలేదు. చూసి చూసి ఇంకో నలుగురు ఆడవాళ్ళు ఆమె వరసలో వచ్చి కూర్చున్నారు. వాళ్ళలో బసవ్వ ఆఖరున వచ్చింది. భర్త పోయిన మనిషి, ఎవరేం చెప్పినా తలూపే రకం.

ఇంత జరిగాక, కెంచమ్మకు వ్యాపారం నేర్పడానికి మనుషులొచ్చారు.

కొండ మీది ఒక గని కంపెనీకి సేవా విభాగం ఒకటి ఉంది. ఉన్న చిన్న వ్యాపారాలను నిలబెట్టి పెంచుతామని వాళ్ళ పథకం. దాన్ని మోసుకొచ్చినవాడు ప్రశాంత్. బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాడు, కన్నడం కలిపిన తెలుగు మాట్లాడతాడు, తెల్లబూట్లు వేసుకుంటాడు. ఎర్రమట్టి దారిలో పనిచేయడానికి తెల్లబూట్లు వేసుకొచ్చినవాడి బుర్ర ఎంతటిదో కెంచమ్మ ఆ పూటే తేల్చేసింది.

"అమ్మా, మీ సమస్యలు ఏమున్నాయి, హేళి," అన్నాడు.

"ఎండకు ఈడ కూర్చోలేకుండాము. రోడ్డు ఎడల్పు చేస్తే ఈ నేల కూడా పోతాది. పట్ట పరవాలంటే లారీ అంత జాగా కావాల. మీ కంపెనీ జాగా లారీలు తూచే కాటా ఎనకాల ఊరికే పడి ఉండాది. ఆడ నాలుగు రేకులు ఎయ్యండి. మీ లారీల పట్టలు యాడికో పంపక మాకియ్యండి. ఇంగేం వద్దు."

ప్రశాంత్ అంతా ఫోనులో రాసుకున్నాడు. రాసుకుని, "లారీల పని ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంటుదమ్మా. మాది కమ్యూనిటీ డిపార్ట్‌మెంటు," అన్నాడు.

"రెండూ ఒకే గేట్లోంచి లోపలికి పోతాయి గదప్పా?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

పదిరోజులకు వాళ్ళు అడిగినది కాక అడగనిది వచ్చింది. ఐదుగురినీ వ్యానెక్కించి బళ్ళారిలో ఒక హోటలు హాలుకు తీసుకుపోయారు. లోపల ఏసీ, గాజుగ్లాసుల్లో నీళ్ళు, గోడకు తెర. నేర్పడానికి వచ్చినాయన పేరు హరిబాబు, అక్కడి సత్యనారాయణపేటలో ఉంటాడు. ఏ వ్యాపారమూ చేయకుండా వ్యాపారం గురించి చెప్పి బతకడం ఆయన వృత్తి.

"ఏమ్మా కెంచమ్మగారూ, మీ కస్టమర్ ఎవరు?" అని మొదలుపెట్టాడు.

"లారీ."

"లారీ కాదండీ. లారీ వెనకాల ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి మనసులో ఏముందో మనం కనిపెట్టాలి."

"ఆయప్ప మనసులో ఏముంటాది సార్? జల్దీ కుట్టియ్యి అని ఉంటాది."

హాలంతా నవ్వింది. హరిబాబు కూడా నవ్వినట్టు నటించి తెర మీద ఇంకో బొమ్మ వేశాడు. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడితే మునిగిపోతారట. కొత్త మార్కెట్లు వెతకాలట. ఉదాహరణకు రైతులున్నారు కదా, వాళ్ళకెప్పుడైనా పట్టలు అమ్మాలని మీకు తట్టిందా, అని అడిగాడు. ఈ పెద్దమనిషి పుట్టింది క్యాంపులోనేనని పొద్దున తనే గొప్పగా చెప్పుకున్నాడు. వాళ్ళ క్యాంపులో వడ్ల మీద కప్పిన పట్టకు అతుకు వేసిన చెయ్యి ఎదురుగా కూర్చుని ఉంటే ఆయనకు తెలియలేదు. చెప్పాలనిపించలేదు కెంచమ్మకు. చెప్పడం కూడా దండగ అనిపించింది.

పక్కన బసవ్వ మాత్రం మోకాలి మీద పుస్తకం పెట్టుకుని తెర మీది అక్షరాలన్నీ చూసి వంకరటింకరగా దించుకుంటోంది.

"ఏందే అది, దేవుడి నామాలా? రాసుకుంటే పుణ్యం వస్తాదా?" అంది కెంచమ్మ, అందరికీ వినపడేలా.

బసవ్వ పుస్తకం మూసింది. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో, కిటికీ వైపు తిరిగి, "నేను బడికి పోయినేది లేదక్కా. నా చేతికి పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టినారు ఈరోజు. అంతే," అంది. హరిబాబుకు తగలాల్సిన దెబ్బ పోయిపోయి దీనికి తగిలిందే అనుకుంది కెంచమ్మ. ఆ మాట మాత్రం పైకి అనలేదు. క్షమించమనడం ఆమెకు చేతకాని పనుల్లో ఒకటి.

మరుసటి వారం ఐదుగురికీ కుట్టుమిషన్లు ఇచ్చారు. ఎర్ర రిబ్బను కట్టి, ఫోటోలు తీసి ఇచ్చారు. ఇంట్లో జాకెట్లు కుట్టుకునే మిషన్లు. బసవ్వ ఆశగా పట్ట అంచు పెట్టి తొక్కింది. రెండో కుట్టుకే సూది టప్పున విరిగింది. ఇంకోటి వేసింది, అదీ విరిగింది. మూడోది కూడా.

"ప్రశాంతప్పా, ఇది పట్టలో దిగేది కాదు," అంది కెంచమ్మ.

"అప్రూవ్డ్ లిస్టులో ఇదే ఉందమ్మా. ఏనూ మాడక్కాగల్ల, ఏమీ చెయ్యలేం."

"లిస్టు రాసినోడు పట్టను యాడన్నా చూసినాడా?"

ప్రశాంత్ ముఖం ఎర్రబడింది. ఈమెకు సహకరించే గుణం లేదని పైకి రాసి పంపాడని తర్వాత తెలిసింది. పథకం జాబితాలో కెంచమ్మ పేరు కొట్టేశారు. పెద్ద బోర్డు ఒకటి, కంపెనీ గుర్తుతో, మిగతా నలుగురి పేర్లతో రోడ్డు పక్కన పాతారు. తన పేరు లేని బోర్డు నీడలో కూర్చుని కెంచమ్మ మధ్యాహ్నాలు పట్టలు కుట్టింది. వాళ్ళు ఇచ్చినవాటిలో పనికొచ్చింది ఆ నీడ ఒక్కటే.

కంపెనీ తన లారీల పట్టలు బాగుచేసే పని మాత్రం బయటి కాంట్రాక్టరుకు ఇచ్చింది. అతను కుట్టేవాడు కాదు, జిగురు పూసి ముక్కలు అంటించేవాడు. చూడ్డానికి శుభ్రంగా, నున్నగా ఉండేవి. జూన్ చివర్లో మొదటి పెద్దవాన రెండు రోజులు వదలకుండా కొట్టింది. జిగురు వదిలేసింది. అతుకులు తడిసిన అట్టల్లా ఊడి వేలాడాయి. ఖనిజం బురదై రోడ్డు పొడుగునా కారి, కింది ఊరి మొక్కజొన్న చేలల్లో పడింది. ఊరివాళ్ళు రాళ్ళు అడ్డం పెట్టి కూర్చున్నారు. మంచి పట్ట లేని లారీని కదలనిచ్చేది లేదన్నారు. లారీలు ఎత్తు పొడుగునా నిలబడిపోయాయి.

మూడో రోజు పొద్దున, వాన తెరిపిచ్చాక, ట్రాన్స్‌పోర్ట్ మేనేజరు సిద్ధేశ్ జీపు దిగి నేరుగా కెంచమ్మ దగ్గరికొచ్చాడు. కాళ్ళకు మోకాళ్ళ దాకా బురద. ఆరవేసిన పట్టకు వేసి ఉన్న అతుకును రెండు చేతులా పట్టి గుంజాడు. రాలేదు. ఇంకా గట్టిగా గుంజాడు. పక్కన పట్ట చిరిగింది గాని అతుకు ఊడలేదు.

"ఎన్ని రోజుల్లో అన్నీ కుడతావమ్మా?" అన్నాడు. ఎలా ఉన్నావు, సమస్యలేమిటి, అలాంటివేమీ లేవు.

ఆ ఒక్క మాటకు కెంచమ్మకు అతని మీద గౌరవం పుట్టింది. ఇన్ని నెలల్లో కొండ మీది నుంచి దిగినవాళ్ళలో పట్టను ముట్టి చూసినవాడు ఇతనే.

"ఐదుగురం కలిసి కుడితే వారం. ఈసారికి కుట్టిచ్చుకొని పొమ్మంటే కుదరదప్పా. ఏడాది పొడుగునా మీ పట్టలు మాకే రావాల. కాటా ఎనకాల జాగాలో రేకులు ఎయ్యాల. కాయితం మీద రాసియ్యి. ఐదుగురి పేర్లూ ఉండాల."

"బోర్డు మీద నీ పేరు లేదే?"

"బోర్డు పట్టలు కుట్టదు."

సిద్ధేశ్ జీపు బానెట్టు మీద కాగితం పెట్టి అక్కడే రాశాడు. పెద్ద సార్లతో మాట్లాడాలని, మీటింగు పెట్టాలని అనలేదు. వారం రోజులు ఐదుగురూ వేళ్ళు బొబ్బలెక్కేలా కుట్టారు. ఎనిమిదో రోజు లారీలు కదిలాయి. నెల తిరగకముందే కాటా వెనకాల రేకులు లేచాయి.

షెడ్డు లేచిన వారానికే ప్రశాంత్ కెమెరా మనిషిని వెంటేసుకొచ్చాడు. కంపెనీ ఏటా వేసే పుస్తకంలో వీళ్ళ విజయగాథ రావాలట. "ట్రైనింగు వల్ల ధైర్యం వచ్చింది అని ఒక్క మాట చెప్పండమ్మా," అని కెంచమ్మను బతిమాలాడు. కొట్టేసిన పేరు తిరిగి రాసుకున్నాడు కూడా. కెంచమ్మ నోట్లోని తమలపాకు ఉమ్మి, రింగులు కొట్టుకుంటూ కూర్చుంది.

అతను బసవ్వ వైపు తిరిగాడు. బసవ్వ కొంగు సర్దుకుని కెమెరా ముందు నిలబడింది. "పట్ట కుట్టేది కెంచక్క నేర్పిచ్చింది. మీ మిషను మంచిదే సార్, జాకెట్లకు. పుస్తకం కూడా ఇచ్చినారు, దాచిపెట్టుకున్నా," అంది. నిజంగానే అంది, వెటకారం ఏమీ లేకుండా. ప్రశాంత్ మూడుసార్లు మళ్ళీ చెప్పించాడు. మూడుసార్లూ ఆమె అదే చెప్పింది.

పుస్తకం అచ్చయింది. అందులో ఏం రాసుకున్నారో సండూరులో ఎవరూ చదవలేదు. హరిబాబు ఇప్పుడు ఇంకో ఊరిలో కుమ్మరివాళ్ళకు మట్టి గురించి చెబుతున్నాడని విన్నారు.

ఇప్పుడు షెడ్డులో ఆరుగురు. ఆరో మనిషి మహాదేవి, ఊరికి కొత్త కోడలు. ఆమెకు నేర్పే పని బసవ్వది. కెంచమ్మ మధ్యలో లేచొచ్చి, ఆ పిల్ల వేసిన కుట్టును బొటనవేలితో నొక్కి చూస్తుంది. బాగుందని ఇంతవరకు ఒక్కసారీ అనలేదు. "విప్పు. మళ్ళా కుట్టు," అని తన గోనెసంచి మీదికి పోతుంది.