కూర్మమ్మ నలుగు, తెల్ల తిమింగలాలు

శ్రీముఖలింగం దగ్గర ఆ ఊళ్ళో కూర్మమ్మ చేత నీళ్ళు పోయించుకోని పసిబిడ్డ లేదు. పీట మీద కూర్చుని, చాపిన కాళ్ళ మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టి, ఆముదం పట్టించి, నూగంతా ఊడేలా శనగపిండితో నలుగు పెట్టేది. "రుద్దితే రంగు తేల్తాదమ్మా" అని ప్రతి బాలింతకూ చెప్పేది. ఎవరి రంగు ఎంత తేలిందో ఆమె ఏనాడూ వెనక్కి తిరిగి చూసుకోలేదు. బిడ్డ హాయిగా నిద్రపోయేది, తల్లికి అదే చాలు.

ఆ నలుగు పని చెయ్యనిది సొంత మనవరాలి మీదే. శ్రావణి ఆమె కొడుకు కూతురు, నాలుగో తరగతి చదువుతోంది. తాత పోలిక, మంచి నలుపు. "ఊరందరి పిల్లలకీ రంగు తెప్పించినావు, నీ ఇంట్లోదాన్నొగ్గేసినావేటి?" అని పేరంటాల్లో దెప్పేవారు. కూర్మమ్మ నవ్వేసేది గానీ, ఇంటికొచ్చి పిల్లను ఇంకాస్త గట్టిగా రుద్దేది. పోయిన నెల రాజాంలో పెళ్ళికి వెళ్ళినప్పుడు, ఫొటో తీస్తుంటే కూర్మమ్మే పిల్ల జబ్బ పట్టుకుని లాగింది. "నువ్వు ఎనక్కుండే, ఫొటో సీకటైపోతాది" అంది. అందరూ నవ్వారు. ఆమే నవ్వింది అందరికంటే ముందు.

సెలవుల్లో ఒక మధ్యాహ్నం కోడలు యమున ఫోన్లో ఒక వీడియో పెట్టింది. మంచు సముద్రాల్లో బతికే బెలూగా తిమింగలాలట. పక్షుల్లా కిచకిచలాడతాయట. పుట్టినప్పుడు ముదురు బూడిద రంగు, పెరిగి పెద్దయ్యాక పాల తెలుపు. ఎండాకాలం గుంపులు గుంపులుగా ఏర్లు సముద్రంలో కలిసేచోటికి వచ్చి, అడుగునున్న గులకరాళ్ళకు ఒళ్ళు రాసుకుంటాయట. అంతవరకు విని కూర్మమ్మ లేచి కూర్చుంది.

"సూడే శ్రావణీ! నోరులేని జీవాలకి తెలిసింది నీకు తెల్లేదు. నలుగంటే పారిపోతావు. అవి సూడు, రాళ్ళకేసి రుద్దుకుని ఎలగ తెల్లబడిపోనాయో!"

ఎప్పుడూ ఎదురు చెప్పే పిల్ల ఈసారి కళ్ళార్పకుండా వీడియో చూసింది.

మర్నాడు అన్నాల వేళకు శ్రావణి కనిపించలేదు. కూర్మమ్మ వెతుక్కుంటూ వంశధారకు వెళ్ళింది. మోకాలిలోతు నీళ్ళలో కూర్చుని ఉంది పిల్ల. చేతిలో గరుకు రాయి. మోచేతులూ మెడా చెక్కుకుపోయి రక్తం కారుతోంది.

"ఓసే, ఏటే ఈ పని?"

"నువ్వే గదా సెప్పినావు నానమ్మా. ఆటిలాగ ఏట్లో రుద్దుకుంతన్నాను."

కూర్మమ్మ పిల్లను ఎత్తుకుని ఇంటికొచ్చింది. యమున పుళ్ళు కడిగి కొబ్బరినూనె రాసింది. అత్త ముందు ఆ వీడియో మళ్ళీ పెట్టింది.

"నువ్వు సగమే ఇన్నావత్తా. ఇప్పుడు మొత్తం ఇను."

ఆ రాపిడితో ఊడేది పాత చర్మమేనట. తెలుపు వయసుతో దానంతటదే వస్తుందట. పుట్టిన బిడ్డ తన గొంతు గుర్తుపట్టేలా తల్లి పిలుస్తూనే ఉంటుందట. రెండేళ్ళదాకా పాలు ఇస్తూ పక్కనే ఈదించుకుంటుందట.

శ్రావణి తలెత్తి చూసింది. "తెల్లగవకముందే పక్కనుంచుకుంటాదా, నానమ్మా?"

కూర్మమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. కోడలి ముఖం చూడలేకపోయింది. రాజాంలో తను నవ్విన నవ్వు గుర్తొచ్చింది. పసిబిడ్డలకు నీళ్ళు పోసిన చేతులని ఊరంతా మెచ్చుకునే తన చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"ఉంచుకుంటాదమ్మా" అంది. దగ్గరకు తీసుకుందామని చెయ్యి చాపింది.

పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని భుజాలు దగ్గరకు ముడుచుకుంది.

"ఇయ్యాల రుద్దకు నానమ్మా, మండతన్నాది."