షెడ్డుకెళ్తే నయమయ్యే బండి

ఆ రోజుల్లో నా డ్రైవింగ్ లైసెన్సు కొత్త, మీసం కొత్త. ఫోనులో వీడియోలు చూసి ఏ యంత్రానికి ఏం రోగమో చెప్పెయ్యగలనన్న నమ్మకం మాత్రం పుట్టుకతో వచ్చింది. డిగ్రీ అయ్యాక కోచింగుల చుట్టూ తిరిగి విసిగిపోయి, బోయిగూడలో టెంట్‌హౌస్ నడిపే మా చిన్నాయన దగ్గర చేరాను. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు పికప్ ట్రక్కులో వేసుకుని ఫంక్షన్లకు చేర్చడం నా పని. ఆ డీజిల్ బండి స్టీరింగు పట్టుకుంటే ఊరంతా నాదే అనిపించేది. మా నాన్నకది నచ్చలేదు. "బండి ఉన్నన్ని రోజులు నడుపు, తర్వాత మళ్ల కోచింగే" అని షరతు పెట్టాడు.

ఆ దసరా వెళ్ళిన కొన్నాళ్ళకే బండికి ఏదో అయింది. బయలుదేరేటప్పుడు హుషారుగానే ఉండేది. కొంత దూరం పోయాక, ఎంత తొక్కినా ఊపిరందనట్టు నీరసించి, సైకిలు మీద పోయేవాళ్ళు కూడా జాలిగా చూసి దాటిపోయేంత నెమ్మదించేది. ఎలాగో కార్ఖానా ఏరియాలోని మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్ళేవాణ్ణి. (ఇంజిన్‌కు స్క్రూడ్రైవర్ ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటాడని ఆయన్ని అందరూ డాక్టర్ సాబ్ అనేవాళ్ళు.) ఆయన ఆ షెడ్డు రొదలోనే ముందు డీజిల్ మూత తీసి, లోపలికి టార్చి కొట్టి చూసి, మళ్ళీ బిగించి, "చల్, ఒక రౌండ్ కొట్టొద్దాం" అనేవాడు. ఇంకేముంది, బండి చెప్పినట్టు వినేది! "బండికేం కాలే, తక్లీఫంత నీ కాలికే ఉంది" అని తీర్పు చెప్పేవాడు. అయినా ఫిల్టరు మార్చాడు, పైపులు మార్చాడు, ల్యాప్‌టాప్ తగిలించి చూశాడు. నేనూ ఊరుకోలేదు. ఒక పూట టర్బో పోయిందన్నాను, మరో పూట సెన్సర్ అన్నాను, ఆఖరికి బంకులో పోసే డీజిలే కల్తీదని తేల్చాను (అన్నీ ఒకే ధీమాతో). చిన్నాయన విసిగిపోయాడు. "యాప్రాల్ పెండ్లికి సామాన్ దించినంక దీన్ని అమ్మేస్త. నాతోని గాదు ఈ పరేషాన్" అన్నాడు. బండితో పాటు నా కొలువూ పోతుందని నాకు అన్నం సయించలేదు.

ఆ పెళ్ళి చిన్నమ్మ తరఫు బంధువులది కాబట్టి ఆమె కూడా మాతో బండెక్కింది. యాప్రాల్ ఇంకాస్త దూరం ఉందనగా, ఎత్తు ఎక్కలేక బండి ఆగిపోయింది. వెనక కుర్చీలూ గిన్నెలూ, అవతల వంటవాళ్ళ దగ్గర్నుంచి ఫోన్ల మీద ఫోన్లు. చిన్నాయన నన్ను, నేను టర్బోను తిట్టుకుంటూ ఉండగా చిన్నమ్మ దిగి, కొంగు నడుముకు దోపి, "అసలు డీజిల్ పోసిన్రా? మీ మాట నమ్మెటట్టు లేదు" అంటూ తానే మూత తిప్పింది. బుస్సుమని గట్టిగా గాలి పీల్చుకున్న చప్పుడయింది. "అమ్మో, పాము!" అని ఆమె మూతను నా చేతిలో పడేసింది.

అప్పుడు చూశాను దాన్ని. ట్యాంకులోకి గాలి పోవడానికి మూతకుండే సన్నటి రంధ్రం పూర్తిగా పూడుకుపోయింది. పసుపు, దానిపైన గంధం, ఆపైన కుంకుమ ఎండి గట్టిపడ్డాయి. (బండి తినే నోరు కదా అని దసరా పూజలో చిన్నమ్మ అక్కడ ధారాళంగా పెట్టింది.) డీజిల్ ఖర్చవుతున్నకొద్దీ లోపలికి గాలి చేరే దారి లేక ఇంజిన్‌కు డీజిల్ అందడం లేదు. డాక్టర్ సాబ్ మూత తీసినప్పుడల్లా గాలి దూరి, రోగం నయమైపోతోంది! నేను నోరు తెరిచేలోపే చిన్నాయన తాళం తిప్పాడు, బండి వెంటనే అందుకుంది. చిన్నమ్మ రెండు చేతులూ జోడించింది. "చూసిన్రా! దసరకు ఎంత మనసు వెట్టి పూజ జేసిన! నా చెయ్యి తాకంగనె లేసింది" అంటుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిన్నాయన దిగొచ్చి మూత చూశాడు, నన్ను చూశాడు. "అవునే, నీ చెయ్యి మంచిది" అంటూ నా కాలు తొక్కాడు.

కుర్చీలు వేళకు దిగాయి. బండి అమ్మకం ఆగింది, నా కొలువు నిలిచింది. అప్పట్నుంచి ప్రతి దసరాకూ పూజ అవగానే చిన్నాయన కాపలా కాసేవాడు, నేను గుండుసూదితో రంధ్రం పొడిచేవాణ్ణి. చిన్నమ్మ మనసు నొప్పించకుండా ఎంత గుట్టుగా నడుపుతున్నామో అని మాలో మేమే మురిసిపోయేవాళ్ళం.

ఇప్పుడు టెంట్‌హౌస్ నేనే చూసుకుంటున్నాను. నిరుడు కొత్త బండికి పూజ చేస్తూ చిన్నమ్మ మూతను వదిలేసి, పక్కన రేకు మీద బొట్టు పెట్టింది. ఏమీ ఎరగనట్టు నిలబడ్డ మా ఇద్దర్నీ చూసి నవ్వింది. "ఇగ ఆ సూది లోపల వెట్టు బిడ్డా. మొదటి యేడే చూసిన. మీరిద్దరు దొంగల లెక్క తిరుగుతుంటె మస్తు నవ్వొస్తుండె. అందుకే యేడాదికింత ఎక్కువ పూస్తుంటి" అంది. చిన్నాయన ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఏ రోగమైనా ఇట్టే పట్టేస్తానన్న ఆ కొత్త మీసం కుర్రాడు నాకు గుర్తొచ్చాడు, పాపం. మా చిన్నమ్మ నవ్వును మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ పట్టుకోలేకపోయాడు.