పాసుపోర్టులో గుండు

నా బతుకులో తీయించుకున్న మొదటి ఫోటోలో నాకు తల ఉంది గానీ జుట్టు లేదు, మూతి ఉంది గానీ మీసం లేదు. పరదేశంలో కొలువు ఆ ఫోటో పట్టుకునే సంపాదించవలసి వచ్చింది.

మాది గుడియాత్తంలో నేతగాళ్ల వీధి. మా నాయన నేసిన గళ్ల కైలీలు, అంటే లుంగీలు, సముద్రం దాటి అమ్ముడుపోయేవి. నేను నేసినవి మా వీధి కూడా దాటేవి కావు. ఒక అంచున మొదలైన గడి రెండో అంచు చేరేలోగా దారి తప్పేది. నేతకు పనికిరానివాడు రాతకైనా పనికొస్తాడేమోనని నాయన నన్ను మిషన్ బడికి పంపాడు. అక్కడ తెలుగు, తమిళం, కొద్దిగా ఇంగ్లీషు ఒంటబట్టాయి. మాట్లాడడం మాత్రం బడికి పోకముందే వచ్చు.

మొదటి పెద్దయుద్ధం ముగిసిన కొన్నేళ్లకు, సుమత్రా దీవిలో డచ్చివాళ్ల ఊరైన మేడాన్ నుంచి ఒక కొట్టు ఏజెంటు కైలీలు కొనడానికి మా ఇంటికి వచ్చాడు. పుట్టుక మావైపే, కాపురం అటువైపు. నాయన మగ్గం దగ్గర బేరం నడుస్తుంటే నేను మధ్యలో దూరి, తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగించాను.

“నేసేది నీ కొడుకా?” అని అడిగాడు ఏజెంటు.

“నేసేది నేను. వాడు మాట్లాడేది,” అన్నాడు నాయన.

“నాకు మాట్లాడేవాడే కావాలప్పా. నేసేవాళ్లు వీధినిండా ఉండారు.”

అలా నా పనికిమాలినతనానికి ఒక పని దొరికింది. కొట్టులో కూర్చుని లెక్క రాయాలి, కొనేవాళ్లతో మాట్లాడాలి. షరతు ఒకటే. వానలు వెలిశాక ఏజెంటు తిరిగి ఓడ ఎక్కేనాటికి నా దగ్గర పాసుపోర్టు ఉండాలి, దాని మీద డచ్చివాళ్ల ముద్ర పడాలి. ఇప్పుడు వీసా అంటున్నారే, అదే. పడకపోతే ఆ పనికి వేలూరులో ఇంకొకడు మూట కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

నాకు కొలువు దొరికితే గుండు ఇస్తానని అమ్మ అప్పటికే విరించిపురం సామికి మొక్కుకుని ఉంది. తన గుండు కాదు, నా గుండు. మొక్కుల విషయంలో మా అమ్మది పెద్ద చెయ్యి.

“పాసుపోర్టుకు ఫోటో తీయించినాక పోదాంలేమ్మా,” అన్నాను.

“ఫోటో మొగానికి గదరా తీసేది? జుట్టుతో వాళ్లకేం పని? సామికిచ్చిన మాట ముందర.”

మా ఇంట్లో అంతవరకు ఎవరూ ఫోటో ఎరుగరు. అందుచేత ఆ వాదన అందరికీ సబబుగానే తోచింది, నాతో సహా.

విరించిపురం పక్కనున్న పాలారు పేరులో పాలున్నాయి గానీ ఆ వేసవిలో ఏటినిండా ఇసుకే. చెలమ తోడి, ఆ నీళ్లతో నా తల తడిపి, మంగలి నున్నగా గీశాడు. మీసం కూడా తీసేశాడు. మావైపు తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయడు. తీస్తే తండ్రికి కీడంటారు, చూసినవాళ్లు తండ్రి పోయాడనుకుంటారు. దేవుడి మొక్కుకు మాత్రం ఆ పట్టింపు లేదు.

మర్నాడు వేలూరులో ఫోటో తీసే ఆయన నన్ను చూసి గొంతు తగ్గించాడు. “పావం. అప్పా ఎప్పుడు పోయినారు?”

“ఇప్పుడే పోయినాడు. తమలపాకులకు, వీధి చివరకు,” అన్నాను.

అంతలో నాయన నోరు ఎర్రగా చేసుకుని లోపలికి వచ్చాడు. ఫోటో ఆయన ఒకసారి నాయనను, ఒకసారి నన్ను చూసి, నల్లగుడ్డ కింద తల దూర్చి చాలాసేపు బయటికి రాలేదు.

పాసుపోర్టు చేతికి వచ్చేసరికి వానలు వెలిశాయి, నా తల పొదలా పెరిగింది, మీసం మెలి తిరిగింది. నూనె రాసి దాన్ని సాకాను. మేడాన్‌లో దిగేటప్పుడు మనిషి కంటే ముందు మీసం దిగాలని నా ఉద్దేశం.

కాట్పాడిలో రైలెక్కి ఏజెంటు, నాయన, నేను చెన్నపట్నం చేరాం. నాయన నన్ను ఓడ ఎక్కించడానికి వచ్చాడు. ఓడ మరునాడే. ముద్ర కోసం డచ్చివాళ్ల కచేరీకి వెళితే అక్కడి గుమాస్తా తమిళాయన. పాసుపోర్టు తెరిచి, నన్ను చూసి, మళ్లీ పాసుపోర్టు చూశాడు.

“ఇది ఎవరు?”

“నేనే.”

“ఈ గుండాయన నువ్వా? అయితే నువ్వెవరు?”

మొక్కు సంగతి మొదటినుంచీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, “నేను నమ్ముతా. లోపల దొర నమ్మడు. ఫోటోలో ఉండే మనిషిని సాయంత్రంలోపల తీసుకొని రా,” అని పాసుపోర్టు నా వైపు జరిపాడు.

బయటికి వచ్చాక ఏజెంటు తల పట్టుకున్నాడు. “అబ్బయ్యా, మీసం ఉంచుకుంటావా, కొలువు ఉంచుకుంటావా? నీకు కుదరకపోతే ఇప్పుడే చెప్పు. వేలూరువాడికి తంతి కొడతా.”

రోడ్డుపక్క చెట్టు కింద ఒక మంగలి ఉన్నాడు. అయిదు నిమిషాల్లో నా జుట్టు నేల మీద పడింది. తీరా కత్తి మీసం దగ్గరికి వచ్చాక ఆగింది.

“ఎవురు పోయినారు సామీ?”

“పోయినోళ్లు ఎవురూ లేరు. పోయేది వీడు,” అన్నాడు నాయన. “నేను వీడి నాయనను.”

మంగలి కత్తి మడిచేశాడు. “నువ్వు ఎదురుగా కూర్చోని ఉంటే వీడి మీసం నేనెట్ట తీసేది? ఆ పాపం నాకెందుకు? మొక్కు ఉండాదా?”

మొక్కు తీరిపోయింది. ఇది దేవుడికి కాదు, గుమాస్తాకు. గుండు కింద మీసంతో నవ్వులాటగా ఉన్న మనిషినే గానీ, నాకు ఆ క్షణాన లోపల నవ్వు లేదు. నాయనకు ఏమైనా అయితే అన్న మాట ఒకసారి మనసులోకి వచ్చాక ఇక పోదు.

“వద్దులే నాయనా,” అన్నాను. “వేలూరువాడినే పోనీ.”

నాయన తన మీసం దువ్వుకున్నాడు. ఆయన మీసం మా వీధికంతా పేరుమోసింది. మా తాత పోయిననాడు తప్ప దానికి కత్తి తగల్లేదు.

“అదేందిరా, సామికిస్తే మొక్కు, దొరకు ఇస్తే కీడా?” అన్నాడు. “అట్టయితే ఇదీ సామికే ఇద్దాం.” పడమటి దిక్కుకు తిరిగి చేతులు జోడించాడు. “సామీ, వాడికి ముద్ర పడాల. పడినాక ఇస్తామంటే ఈసారి కుదరదు, ముందే ఇస్తా ఉండాం. వాడిదీ, నాదీ.” తర్వాత నన్ను పక్కకు జరగమని, తానే ముందు మంగలి ఎదుట కూర్చున్నాడు. “ఊఁ, తియ్యి. ఇప్పుడు మొక్కే గదా.”

మంగలి కత్తి మళ్లీ తెరిచాడు. నాయన మీసం లేచిపోతుంటే నేను చూడలేక ఏజెంటు వంక చూశాను. ఆయన కూడా చూడలేక గొడుగు వంక చూస్తున్నాడు.

సాయంత్రం కచేరీలో గుమాస్తా తలెత్తితే ఎదురుగా రెండు గుండ్లు. మీసం లేని నాయన ముఖం నాకే కొత్త. ఇద్దరిదీ ఒకే మూతి అని ఆనాడే చూశాను.

“ఇందులో ఫోటో ఎవురిది?”

“వాడిది. నేను మళ్లా గుడియాత్తం రైలెక్కేవాణ్ణి,” అన్నాడు నాయన.

గుమాస్తా నవ్వాపుకుంటూ పాసుపోర్టు లోపలికి తీసుకుపోయాడు. తిరిగి వచ్చేటప్పటికి దాని మీద ముద్ర ఉంది. నాయనకు ఏ భాషా చదవడం రాదు. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, తడి ఆరిందా అని వేలితో తాకి చూసి, “ఏమని రాసినారు?” అని అడిగాడు.

“రమ్మని రాసినారు నాయనా.”

“మర్యాద తెలిసినోళ్లే,” అన్నాడు.

ఓడలో రోజు మార్చి రోజు గడ్డం కత్తితో నేనే తల గీసుకున్నాను. అక్కడ రేవులో దిగినప్పుడు దొర ఫోటో చూశాడు, నన్ను చూశాడు, పొమ్మని చెయ్యి ఊపాడు. ఆ దేశంలో నేను మొట్టమొదట కూడబెట్టింది మీసమే.

మరుసటి ఏడు కైలీలు కొనడానికి మా ఊరు వెళ్లివచ్చిన ఏజెంటు కొట్టులో మూటలు దించుతూ, “మీ నాయనది మళ్లా మెలి తిరిగినాదిరా,” అన్నాడు. “మావాడిది ఎట్ట ఉండాదని అడిగినాడు.”

“ఏం చెప్పినావు?”

ఆయన నా మూతి వంక కాస్త పరీక్షగా చూసి, “వస్తా ఉండాదని చెప్పినా,” అన్నాడు.