తోలు వదలని చోటు

1985. ఆదోనిలో పత్తి జోరుగా దిగుతున్న రోజులు. మార్కెట్ యార్డు నుంచి జిన్నింగ్ మిల్లుల దాకా బండ్ల వరస. ఆ ఊళ్లో ఒక చిన్న ఆస్పత్రిలో నేను సర్జన్‌ని. ఎంత చిన్నదంటే, థియేటర్ తలుపు తీయాలంటే ముందు స్ట్రెచర్ని పక్కకు జరపాలి. హెర్నియాలు, అపెండిక్సులు, సెగగడ్డలు నా రోజువారీ పని. ప్లాస్టిక్ సర్జరీలో నా అనుభవం శిక్షణలో గడిపిన ఆరు నెలలు. అందులో సగం పెద్ద డాక్టర్ల వెనక నిలబడి వాళ్ల వీపులు చూడటంతోనే సరిపోయింది.

అప్పుడు వచ్చాడు ఖాసీం సాబ్. ఎమ్మిగనూరులో మాంసం అంగడి ఆయనది. నలభై దాటిన మనిషి. పనిమీద ఆదోని వచ్చినప్పుడు పత్తి బండి చక్రం కింద కుడికాలు పడింది. పత్తి మెత్తనిదే, చక్రానికున్న ఇనుప పట్టాకు ఆ గుణం లేదు. ఎముక విరగలేదు గాని, మోకాలికీ చీలమండకూ నడుమ ముందువైపు అరచేతి వెడల్పున చర్మం ఊడిపోయింది. నా దగ్గరికి వచ్చేసరికి మూడు వారాలు దాటింది. పుండు అడుగున తెల్లగా ఎముక కనిపిస్తోంది.

అప్పటికే రెండు చోట్ల చూపించుకున్నారు. మోకాలి కింద తీసేయడమే మేలన్నారట. వాళ్ల మాటలో తప్పు లేదు. తొడ నుంచి పల్చటి చర్మం తీసి అతికించడాన్ని గ్రాఫ్ట్ అంటాం. అది అడుగునున్న కండ ఇచ్చే రక్తంతో బతుకుతుంది. ఒట్టి ఎముక మీద దానికి ఆధారం లేదు. అలాంటి చోట ఫ్లాప్ కావాలి, అంటే తన రక్తనాళాన్ని తనతోనే తెచ్చుకునే చర్మం. అప్పట్లో రెండో కాలి పిక్క నుంచి దాన్ని లేపి పుండుకు కుట్టి, అతుక్కునేదాకా రెండు కాళ్లనూ మూడు వారాలు కలిపి కట్టేసేవారు.

"కట్టేదానికి రెండోది యాడుండాది సార్?" అంది ఆయన భార్య హుసేన్‌బీ, దుప్పటి తొలగించి. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎండిపోయిన ఎడమకాలు చేతికర్ర లావున ఉంది. "ఈయప్ప నిలబడేది ఆ ఒక్క కాలు మీదనే. అది గూడా తీసేస్తే మనిషిని ఎత్తి కూసోబెట్టాల."

అంటే ఆ కాలి పుండుకు ఆ కాలి చర్మమే దిక్కు. చర్మంతో పాటు, కండను కప్పి ఉండే ఫేషియా అనే తెల్లటి పొరను కూడా కలిపి లేపితే పొడవైన ఫ్లాప్ అయినా బతుకుతుందని ఒక విదేశీ పత్రికలో చదివాను. చేసింది లేదు. ఆ సంగతి దాచకుండా చెప్పి, ఆయన పిక్క మీద పెన్నుతో గీస్తూ, "ఇక్కడి తోలు లేపి ముందుకు తిప్పాలి" అన్నాను.

"తోలు లేపేది నాకు సెప్తాండారా సార్?" అని నవ్వాడు ఖాసీం సాబ్. వెంటనే నవ్వు ఆపాడు. "పిడికిలి పెట్టి తోస్తే మేక తోలు దానంతట అదే వస్తాది. కొన్ని తావుల్లో మాత్రం రాదు. ఆడ కండల సందులోంచి దారం మాదిరి వచ్చి పట్టుకోనుంటాది. ప్రతి మేకకీ ఇంచుమించు అవే తావులు. మా తమ్ముని కాడికి పోయి సూడండి."

నేను పుట్టు శాకాహారిని. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఎమ్మిగనూరు పోయి, ముక్కుకు రుమాలు కట్టుకుని ఆ అంగట్లో రెండు గంటలు నిలబడ్డాను. తమ్ముడు తోలు తోస్తూ, చెయ్యి ఆగిన చోటల్లా "ఇదో సార్" అని చూపించాడు. తెల్లటి పొర, దాని కిందకి కండల సందులోంచి వచ్చి చేరే ఎర్రటి పోగు. ఈ పోగుల్నే తర్వాతి కాలంలో పర్ఫొరేటర్లు అన్నారు. నేను చదివిన పుస్తకాల్లో వాటికి అర పేజీ కూడా దక్కలేదు.

మర్నాడు ఆస్పత్రిలో సిస్టర్ మేరమ్మ, "సార్, మీరు మాంసం మొదలుపెట్టినారంట గదా!" అంది.

"తినడం కాదమ్మా, చదవడం."

ఆపరేషన్ నాడు నడుముకు మత్తు ఇచ్చాం. ఖాసీం సాబ్ మెలకువగానే ఉన్నాడు. తెర అవతల నుంచి గొంతు వచ్చింది.

"దారాలు కనపడినాయా సార్?"

"రెండు."

"కోయగాకండి."

ఫ్లాప్ తిప్పాను. పుండు అవతలి అంచుకు రెండు వేళ్లు తక్కువైంది. కింది పోగు దాన్ని వెనక్కి లాగుతోంది. అది కోస్తే అందుతుంది. కత్తెర తీసుకున్నాను కూడా. ఎందుకో ముందు ఆ పోగును చిన్న క్లాంప్‌తో నొక్కి చూశాను. ఫ్లాప్ అంచున ఊరుతున్న రక్తం ఆగింది. చర్మం పాలిపోయింది. క్లాంప్ వదిలితే కాసేపటికి ఒక చుక్క, తర్వాత ఇంకొకటి.

"ఏమైంది సార్, సప్పుడు లేదు?"

"ఒకటి లాగుతోంది."

"దాని జోలికి పోవద్దండి. సుట్టూ వొదులు సేయండి, అదే వస్తాది."

కండల సందులోకి ఆ పోగు వెంటే దిగి, చుట్టూ ఉన్నదాన్ని కొద్దికొద్దిగా విడదీశాను. సర్జన్ అంటే కోసేవాడనుకుంటారు. ఆ రోజు గంటన్నర సేపు నా పనంతా కోయకుండా ఉండటమే. ఫ్లాప్ అందింది. పిక్క మీద ఖాళీ అయిన చోట గ్రాఫ్ట్ వేశాను.

ఐదో రోజున ఫ్లాప్ కొస నీలంగా మారింది. బిగువు తగ్గేందుకు రెండు కుట్లు విప్పాను. గోరంత ముక్క నల్లబడి రాలిపోయింది. ఎముకను కప్పిన భాగం మాత్రం నిలిచింది. మూడు నెలలకు ఖాసీం సాబ్ చేతికర్రతో, తన కాలి మీద తాను బస్సు దిగి వచ్చాడు.

మరుసటి ఏడాది కర్నూలులో డాక్టర్ల సమావేశంలో ఈ కేసు వివరించాను. "ఇది ఎక్కడ నేర్చుకున్నారు?" అని ఒక పెద్దాయన అడిగారు. మాంసం అంగడి అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. "పత్రికలు చదివి" అన్నాను. చప్పట్లు కొట్టారు.

తర్వాత కాలు చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఖాసీం సాబ్ అడిగాడు: "ఆడ నా పేరు సెప్పినారా సార్?"

"రోగి పేరు బయటపెట్టకూడదు. మా నియమం."

"రోగి పేరు సరే. తోలు సంగతి సెప్పినోని పేరు?"

నా దగ్గర నియమాలు అయిపోయాయి. "చెప్పలేదు. సిగ్గుపడ్డాను."

ఆయన లుంగీ కాలి మీదికి దించుకున్నాడు. "పోనీలే సార్. నేను గూడా మాంసం అమ్మేటప్పుడు మేక పేరు సెప్పను గదా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

వచ్చిన చోటుతో పోగు తెగనంత వరకే ఫ్లాప్ బతుకుతుంది. ఆపరేషన్ బల్ల మీద గంటన్నర కాపాడిన పోగును, సమావేశంలో ఒక్క మాటతో నేనే కోశాను. ఇప్పుడు కుర్ర సర్జన్లు అదే ప్రశ్న అడిగితే, "ఎమ్మిగనూరులో, ఖాసీం సాబ్ అంగట్లో" అంటాను. వాళ్లు హాస్యమనుకుని నవ్వుతారు. నవ్వడం అయ్యేదాకా ఆగి, ఆ పేరు మళ్లీ చెబుతాను.